ముప్ఫై మిషన్ల మోత

కాజాలు కుట్టే పిన్ని పొద్దుటి నుంచి ఏడుస్తోంది. మా కుట్టు షెడ్డులో ముప్ఫై మిషన్లున్నాయి. ఆమె వెనక మిషన్ నాది. ఆ ఎక్కిళ్లు మోతను దాటుకుని మరీ వినపడుతున్నా, నేను తల దించుకుని కాలర్లు కుడుతూ కూర్చున్నాను. పక్కనే ఉన్న వదిన అడుగుతుందిలే అనుకున్నాను. వదినేమో సూపర్‌వైజర్ అడుగుతాడనుకుందట. ఆయనేమో ఆడవాళ్ల సంగతి ఆడవాళ్లే చూసుకుంటారనుకున్నాడట. అందరం అందరమే!

మా దగ్గర దారం తెగితే తప్ప మిషన్ ఆపకూడదు. పదకొండింటికి నా దారం తెగింది. మళ్లీ సూదిలోకి ఎక్కించబోతుంటే నా మీద నాకే ఒళ్లు మండింది. స్విచ్ కట్టేసి లేచి వెళ్లాను.

"పిన్నీ, ఏమైంది?"

"పొద్దున్నే ఫోనొచ్చిందే. మా అక్క పోయింది. సెలవడుగుదామనే వచ్చా. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు."

ఆమెను దగ్గరికి తీసుకున్నాను. వదిన మిషన్ ఆగింది. తర్వాత ఇంకొకటి, ఆ తర్వాత మరొకటి. కాసేపటికి షెడ్డంతా నిశ్శబ్దమైపోయింది. ఒకరు నీళ్లు తెచ్చారు, ఒకరు ఆమె సంచి సర్దారు. బండి పిలవడానికి సూపర్‌వైజరే పరుగెత్తాడు.

పిన్ని కళ్లు తుడుచుకుని, బిత్తరపోయి అందరినీ చూసింది.

"అయ్యో, మీ పని చెడగొట్టానా? ఈ మోతలో ఎవరికీ వినపడదులే అని కాస్త గట్టిగానే ఏడ్చేశాను."

మాలో ఒక్కరమూ తలెత్తలేకపోయాం.