విరగకూడని సంఖ్య

ఇసుక చల్లగా ఉంది.

పలక మీద పల్చగా పరిచిన ఇసుక. అందులో మెన్నానా వేలితో అంకెలు రాస్తోంది.

రాయడం... చెరపడం. ఇసుక పలక మీద లెక్క ఇలాగే సాగుతుంది. పాత అంకె తుడిస్తేనే కొత్త అంకెకు చోటు. చివరికి జవాబు ఒక్కటే ఉంటుంది. తప్పెక్కడ జరిగిందో ఇసుకకు గుర్తుండదు.

అదే ఇప్పుడు భయం.

ఫెజ్ ఊళ్లో మగవాడు దూరం వెళ్తుంటే రెండు రొట్టెలు కాలుస్తారు. ఒకదాని మీద ఒక సంఖ్య, రెండోదాని మీద దాని నేస్తం. ఒకటి అతను తింటాడు, ఒకటి ఆమె. విడిపోకూడదని.

ఏ ఇంట చూసినా రెండు వందల ఇరవై, రెండు వందల ఎనభై నాలుగే. మెన్నానా లెక్కలు చెప్పేవాడి కూతురు. ఊరందరి రొట్టె తన మొగుడికి పెడుతుందా?

తనకు పదిహేడు వేల రెండు వందల తొంభై ఆరు. మొగుడు యఖ్లఫ్‌కు పద్దెనిమిది వేల నాలుగు వందల పదహారు. తన సంఖ్యను శేషం లేకుండా భాగించేవన్నీ, ఆ సంఖ్యను వదిలేసి, కూడితే అతను వస్తాడు. అతనివి కూడితే తను వస్తుంది. ఎంత మురిసిపోయిందో.

యఖ్లఫ్ నవ్వాడు. "ఇంత పెద్ద అంకె మింగితే ఒంటె నన్ను మొయ్యొద్దూ?"

అతని ఒంటెల బిడారు ఎడారి అంచున ఉన్న సిజిల్మాసాకు వెళ్లింది. దాని వెనకాల బయల్దేరిన బిడారు తిరిగొచ్చేసింది, అతనిది రాలేదు. వచ్చినవాళ్లు ఇసుక తుఫాను అన్నారు. కళ్లు దించుకున్నారు.

"అందరూ రాసేవే రాయొచ్చుగదే," అంది అత్త రహ్మా. "నీ చదువు నా కొడుకు మీదే చూపించాలా?"

అందుకే తెల్లవారగానే మేడెక్కింది.

అతని సంఖ్య అంటే పదహారు సార్లు పదకొండు వందల యాభై ఒకటి. ఆ పదకొండు వందల యాభై ఒకటి ఏ అంకెతోనూ శేషం లేకుండా విరగకూడదు. విరిగితే కొత్త భాగాలొస్తాయి. మొత్తం మారుతుంది. స్నేహం అబద్ధమవుతుంది.

రొట్టె కాల్చిన రోజు అది సరిచూసిందా? పిండి పొంగిపోతోందని తొందరపడింది. గుర్తు లేదు...

రెండుతో – ఒకటి మిగిలింది.

మూడుతో రెండు. అయిదుతో – ఒకటి మిగిలింది.

ఏడు. పదకొండు. పదమూడు. ఎండ మోకాళ్ల మీదికొచ్చింది. పదిహేడు. పంతొమ్మిది.

ఇరవై మూడు.

నలభై తొమ్మిది సార్లు తీసేసింది. అంతా పోయేలా ఉంది. మరోసారి తీసేసింది... ఒకటి మిగిలింది.

ఆ ఒక్కటీ లేకపోతే విరిగిపోయేది. దాన్ని చెరపకుండా పలక మూలన ఉంచింది.

ఇరవై తొమ్మిది. ముప్ఫై ఒకటి. ముప్ఫై ఏడును ముప్ఫై ఏడు సార్లు వేస్తే ఆ సంఖ్యే దాటిపోతుంది; ఇక చూడక్కర్లేదు. విరగలేదు. సంఖ్య నిజం.

భయం తగ్గాలి. పెరిగింది. తప్పు దొరికితే దిద్దుకునేది, మళ్లీ రొట్టె కాల్చేది. ఇప్పుడు దిద్దడానికి ఏమీ లేదు.

అత్త గోడ పట్టుకుని మెట్లెక్కి వచ్చింది.

"తప్పు దొరికిందా?"

"లేదు అత్తా. అంతా సరిగ్గానే ఉంది."

ముసలామె పక్కన కూలబడింది.

"దొరికితే బాగుండేదే," అంది మెల్లగా.

దక్షిణపు ద్వారం అవతల దుమ్ము లేచింది. బిడారో... ఉత్త గాలో...

గాలి మేడ దాకా వచ్చింది. పలక మూలన మిగిలిన ఒకటిని తుడిచేసింది. మెన్నానా అదే చోట ఒకటి రాయడానికి మళ్లీ వేలు పెట్టింది.

ఇసుక కాలుతోంది.