సగం ఊడ్చిన హాలు

“మీ ఆయన లాంటి మనిషి మన వీధి మొత్తమ్మీద ఇంకొకరు లేరక్కా,” అంది పక్కింటి షిరీన్, పిట్టగోడ మీద మోచేతులు ఆనించి. “ఆదివారం వస్తే చాలు, చక్కగా ఇల్లు శుభ్రం చేసి పెడతాడు. మా ఇంట్లో ఉన్నాడు ఒకాయన, తాగిన గ్లాసు కూడా తీసి సింకులో వెయ్యడు.”

మహిమ పెరట్లో కుళాయి దగ్గర గొంతుక్కూర్చుని ఉంది. చేతిలో దుమ్ము లాగే మెషీను తాలూకు ఫిల్టరు. దాన్ని నీళ్లలో ముంచి పిండుతుంటే మిరపకాయ దుమ్ము ఎర్రగా కారుతోంది. ఆ ఘాటుకి తుమ్ములు ఆగడం లేదు. “అవును షిరీన్, మంచాయనే,” అంది తుమ్ముల మధ్య. అన్నాక తన గొంతు తనకే వింతగా వినపడింది. అందులో ఉన్నది మెచ్చుకోలు కాదు, ఏడుపు. కన్నీళ్ల ఏడుపు కాదు. పక్కవాళ్లకి మంచి జరిగితే మనుషులు లోపల్లోపల ఏడ్చే ఏడుపు. కట్టుకున్న మొగుడి మీద, అదీ ఇల్లు ఊడ్చినందుకు, తను ఏడుస్తోందన్న సంగతి మహిమకి ఆ పూటే తెలిసింది.

ఆమె భర్త శ్యామ్ సుందర్ గుంటూరు మిర్చి యార్డుకి అవతల ఒక కోల్డ్ స్టోరేజిలో సూపర్‌వైజరు. సీజన్లో ఆయన గడప దాటకముందే మిరప ఘాటు ఇంట్లోకి వస్తుంది. చొక్కా మడతల్లోంచి, ప్యాంటు జేబుల్లోంచి గింజలు రాలతాయి. మహిమ ఎయిడెడ్ స్కూల్లో నాలుగో తరగతి టీచరు. పొద్దున్నే చీపురు పట్టిందంటే ఆ దుమ్మంతా లేచి ముక్కులోకి పోతుంది. స్కూల్లో ఎక్కాలు చెప్పిస్తూ తుమ్ముతుంటే పిల్లలు ముసిముసిగా నవ్వుకునేవాళ్లు. రెండేళ్ల కిందట డాక్టరు, “చీపురుకి దూరంగా ఉండండమ్మా. దుమ్ము లేవకుండా లాగేసే మెషీన్లు వస్తున్నాయిగా, ఒకటి కొనుక్కోండి,” అన్నాడు.

అప్పుడామె ఇంటర్వెల్‌లో ఫోను పట్టుకుని ఆ మెషీన్ల గురించి ఎంత చదివిందో. వైరు లేని కర్ర మెషీను తేలిక. ఒంటి చేత్తో ఎత్తొచ్చు, గది మారినప్పుడల్లా ప్లగ్గు వెతుక్కోనక్కర్లేదు, పడుకోబెట్టి తోస్తే మంచం కిందకి కూడా పోతుంది. కానీ చార్జింగు ఇట్టే అయిపోతుంది. దుమ్ము డబ్బా బొత్తిగా చిన్నది. బ్రష్షుకి వెంట్రుకలు చుట్టుకుంటాయి. వైరుది బరువే, ఈడ్చుకుంటూ తిరగాలి, కానీ ఇల్లంతా అయ్యేదాకా ఆగదు. ఇంత మిరప దుమ్ము పడే ఇంటికి వైరుదే మేలని తేల్చుకుని ఒక సాయంత్రం భర్తతో చెప్పింది. ఆయన టీవీ మీంచి చూపు తిప్పలేదు. “మూడు గదులకి మెషీనెందుకు? మూతికి గుడ్డ కట్టుకుని ఊడ్చుకో,” అన్నాడు. అత్తగారు ప్రేమమ్మ పక్కనుంచి, “కళ్లాలు ఊడ్చాం మేము. ఏం పోయాం?” అంది. మహిమ మూతికి గుడ్డ కట్టుకుంది.

ఈ ఏడు శ్యామ్ సుందర్ తన ఓనరుగారి ఇంట్లో అలాంటి మెషీను చూశాడు. ఓనరుగారే స్వయంగా పట్టి చూపించాడట. ఆ వారమే ఒకటి కొనుక్కొచ్చాడు. మహిమని ఒక్క మాట అడగలేదు. వైరు లేనిదే తెచ్చాడు. హాల్లో టీవీ పక్కన మేకులు కొట్టించి, వచ్చినవాళ్లకి కనపడేలా తగిలించాడు.

అయినా మొదటి ఆదివారం మహిమ నిజంగానే సంతోషించింది. ఆ మాట దాచుకోవాల్సిన పనిలేదు. చర్చి నుంచి వచ్చి అన్నం తిన్నాక ఆయన లుంగీ ఎగగట్టి హాలంతా మెషీను తోస్తుంటే, వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. దుమ్ము లేవలేదు. తుమ్ము రాలేదు. ఇంటర్ చదివే కూతురు షారోన్ వాళ్ల నాన్నని వీడియో తీసి, వెనకాల ఒక పాట పెట్టి, చర్చి గ్రూపులో వేసింది. సాయంత్రానికి ఆ గ్రూపు నిండా చప్పట్ల బొమ్మలే. ‘ధన్యురాలివమ్మా మహిమా’ అని ఎవరో రాశారు. మరుసటి ఆదివారం పాస్టరుగారు ప్రసంగం మధ్యలో ఆగి, “భార్యను ప్రేమించడమంటే మాటలు కాదు. మన బ్రదర్ శ్యామ్ సుందర్‌ని చూడండి,” అన్నారు. అందరూ తలలు తిప్పి ఆయన్ని చూశారు. ఆయన వినయంగా తల దించుకున్నాడు.

ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చున్న మహిమ, తన కాళ్ల ముందున్న నేలని చూసింది. ముందురోజు సాయంత్రం ఆ నేల తనే ఊడ్చింది. ఏళ్ల తరబడి శనివారం సాయంత్రాలు మరో నలుగురు ఆడవాళ్లతో కలిసి ఆ చర్చి ఊడుస్తోంది, తుడుస్తోంది, చాపలు దులిపి పరుస్తోంది. ప్రసంగ వేదిక మీదనుంచి ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తాలని తనకి కూడా ఎప్పుడూ తోచలేదు. అక్కడే ఆమెకి గుచ్చుకుంది. సండే స్కూలు పిల్లలకి అసూయ పాపమని చెప్పేది తనే. అసూయంటే పక్కింటి నగ మీదో, చెల్లెలి చీర మీదో ఉంటుందనుకుంది. ఇలా మొగుడు పొందిన మెప్పు మీద ఉంటుందని ఎవరూ చెప్పలేదే. ఆ మెప్పు తనదని చెప్పుకోవడానికీ లేదు, తనది కాదని వదిలేయడానికీ మనసొప్పదు. రాత్రింబవళ్లు చేసిన పనిని ఎవరూ చూడకపోతే అదొక బాధ. అదే పని ఇంకొకరు చిటికెడు చేస్తే ఊరంతా చూడటం ఇంకొక బాధ. మొదటి దానికి ఆమె ఎప్పుడో అలవాటుపడింది. రెండోది కొత్తది, దానికి మందు తెలియడం లేదు.

పైగా ఆ చిటికెడు పనికి వెనకా ముందూ ఉన్నదంతా ఆమెదే. ముందు కుర్చీలు జరపాలి, చెప్పులు తీయాలి, చాపలు చుట్టాలి. హాలు దాటి పడగ్గది సగానికి వచ్చేసరికి మెషీను ఎర్ర లైటు చూపించి ఆగిపోతుంది. ఆయన దాన్ని గోడకి తగిలించి, మెత్తటి గుడ్డతో తుడిచి, “అయిపోయింది,” అంటాడు. అయిపోయేది చార్జింగు. మిగతా పడగ్గది, అత్తగారి గది, వంటిల్లు, వరండా అలాగే ఉంటాయి. తడిగుడ్డ పెట్టడం ఉంటుంది. డబ్బా విప్పి దుమ్ము పారబోయడం, ఫిల్టరు కడిగి ఎండబెట్టడం ఉంటాయి. బ్రష్షు తిరగేసి చూసి, “ఇదిగో, నీ జుట్టు ఎంత చుట్టుకుందో చూడు. ఇట్లా అయితే మోటారు పోద్ది. దువ్వుకునేటప్పుడు కాస్త చూసుకోరాదా,” అంటాడు. మహిమ బ్లేడు పట్టుకుని, రాలిపోతున్న తన జుట్టుని తనే కోసి తీస్తుంటుంది. ప్రేమమ్మ అటు కొడుకు మొహం చూసి, “వారమంతా గోడౌన్లో చచ్చి, ఆదివారం ఇల్లు ఊడ్చుకునే గతి పట్టింది నా బిడ్డకి. మజ్జిగన్నా ఇవ్వమ్మాయ్,” అంటుంది. మహిమ బ్లేడు పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, మజ్జిగ కలిపి ఇస్తుంది.

ఒక బుధవారం ఆమె ఆ మెషీను తనే తీసింది. స్కూలుకి ముందు, అందరూ లేవకముందు. మంచం కింద, బీరువా పక్కన, తలుపు మూలల్లో తోసింది. ఆ పొద్దున ఒక్క తుమ్ము కూడా రాలేదు. ఊపిరి హాయిగా ఆడింది. గోడమీది ఆర్భాటం కాదు, వీడియోలో పాటా కాదు, ఈ మెషీనులో ఉన్న మంచి ఇదీ అనుకుంది. శ్యామ్ సుందర్ లేచొచ్చి చూసి, చేతిలోంచి తీసుకున్నాడు. “దీన్ని రోజూ వాడితే బ్యాటరీ దెబ్బతింటది. నీకు వీటి సంగతి తెలియదు. మామూలు రోజుల్లో చీపురు చాల్లే,” అన్నాడు. ఆయన అరవలేదు. పిల్లదాని చేతిలోంచి గాజు బొమ్మ తీసుకున్నంత నెమ్మదిగా తీసుకున్నాడు. తెల్లారి మళ్లీ ఆమె మూతికి గుడ్డ కట్టుకుని, వంగి ఊడుస్తూ, తుమ్ముతూ గోడమీది మెషీనుని చూసింది. దాని పక్కన పచ్చ లైటు వెలుగుతోంది. నిండుగా చార్జింగు ఉంది.

ఇంతలో చర్చి స్త్రీల సమాజం వాళ్లు ఒక ఆలోచన చేశారు. వచ్చే ఆదివారం సాయంత్రం శ్యామ్ సుందర్ గారింట్లోనే గృహ ప్రార్థన పెట్టుకుని, ఆయనకి శాలువా కప్పుదామని. ఫోను చేసి చెప్పిన ప్రెసిడెంటమ్మ, “నువ్వు కూడా రెండు మాటలు చెప్పాలి మహిమా, మీ ఆయన గురించి,” అంది. మహిమ సరేనంది.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చిన దగ్గర్నుంచి ఆమె పొయ్యి ముందే ఉంది. పులిహోర కలిపింది, కోడికూర దించింది, సేమియా పాయసం పెట్టింది. శ్యామ్ సుందర్ మధ్యాహ్నం భోజనం చేసి కాసేపు పడుకుని లేచి, “హాలు నేను చూసుకుంటాలే,” అన్నాడు. ముందురోజు ఎవరో స్నేహితుడొస్తే మెషీను ఆడించి చూపించాడు గానీ మళ్లీ చార్జింగు పెట్టడం మర్చిపోయాడు. హాలు సరిగ్గా సగానికి వచ్చేసరికి ఆగిపోయింది. ఆయన రెండుసార్లు మీట నొక్కి చూసి, గోడకి తగిలించి, “మిగతాది నువ్వొకసారి చీపురేసెయ్. వాళ్లొచ్చే టైమవుతోంది. నేను స్నానం చేసొస్తా,” అని తువ్వాలు తీసుకుని వెళ్లాడు.

మహిమ చీపురు తెచ్చింది. వంగింది. అప్పుడు కనపడింది ఆ గీత. టీవీ వైపు నేల అద్దంలా ఉంది. గుమ్మం వైపు మిరప గింజలు, వెంట్రుకలు, బిస్కెట్ పొడి. గీత గీసినట్టు రెండు ముక్కలు. తను ఒక్కసారి చీపురు వేస్తే ఆ గీత పోతుంది. ఎప్పుడూ తనే చెరిపేస్తోంది కాబట్టే అది ఎవరికీ కనపడలేదు. ఆయనకి కూడా.

ఆమె నడుం నిటారుగా చేసుకుంది. చీపురు మళ్లీ దాని చోట పెట్టింది. మొహం కడుక్కుని, ఇస్త్రీ చేసిన చీర కట్టుకుని, జడ వేసుకుని వచ్చి హాల్లో కుర్చీలో కూర్చుంది.

“అదేందమ్మాయ్, ఇంకా సగం అట్టాగే ఉంది,” అంది ప్రేమమ్మ.

“మీ అబ్బాయి ఊడ్చారత్తయ్యా. ఆయన ఊడ్చింది అంతే.”

ప్రేమమ్మ కోడలి మొహంలోకి చూసి, వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది.

జనం వచ్చారు. పాస్టరుగారు, ఆయన భార్య, సమాజం ఆడవాళ్లు, వాళ్లని చూసి పిట్టగోడ దగ్గర్నుంచి షిరీన్. ప్రెసిడెంటమ్మ చేతిలో పళ్లెం, పళ్లెంలో మడత పెట్టిన శాలువా. వందనాలు, వందనాలు అనుకుంటూ లోపలికొచ్చి, గుమ్మం దగ్గరే అందరూ ఆగారు. పాస్టరమ్మగారు అరికాలికి అంటుకున్న గింజల్ని రెండో కాలితో దులుపుకుంది.

“ఇవాళ మెషీను పట్టలేదా బ్రదర్?” అంది ప్రెసిడెంటమ్మ నవ్వుతూ.

అప్పుడే తెల్ల చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ వచ్చిన శ్యామ్ సుందర్ నేల వంక చూసి బిత్తరపోయాడు. “పట్టానండి. చార్జింగు అయిపోయింది. మిగతాది మహిమ...” అని ఆగాడు.

అందరూ మహిమ వైపు తిరిగారు. ఆమె లేచి నిలబడింది. రెండు మాటలు చెప్పమన్నారు కదా, చెప్పింది. క్లాసులో పాఠం చెప్పే గొంతుతోనే చెప్పింది.

“ప్రతి ఆదివారం ఆయన ఊడ్చేది చార్జింగు ఉన్నంతసేపేనండి. మిగతాది నేను ఊడుస్తాను. మామూలు రోజుల్లో ఇల్లంతా నేనే ఊడుస్తాను, చీపురుతో. ఇవాళ ఊడవలేదు.”

చెప్పి మళ్లీ కూర్చుంది. పాస్టరుగారు గొంతు సవరించుకుని, “ఫర్వాలేదమ్మా, చాపలు పరిచేద్దాం,” అన్నారు.

“దుమ్ము మీద చాపలేందండీ,” అంది పాస్టరమ్మగారు. ఆమె సాధారణంగా నలుగురిలో నోరు విప్పే మనిషి కాదు. “ఒక్క నిమిషం పని. చీపురు తీసుకురండి బ్రదర్.”

ప్రేమమ్మ లేవబోయింది. మహిమ ఆమె చెయ్యి పట్టుకుని, “మీరు కూర్చోండత్తయ్యా,” అంది. ప్రేమమ్మ చెయ్యి విడిపించుకోకుండా మళ్లీ కూర్చుంది.

శ్యామ్ సుందర్ మెడ ఎర్రబడింది. భార్య దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అడిగాడు. “చీపురెక్కడుంది?”

“వంటింటి తలుపు వెనక.”

ఆయన వెళ్లి తెచ్చాడు. వంగి ఊడవడం మొదలుపెట్టాడు. చీపురు తిరగేసి పట్టుకున్నాడని ఎవరో సరిచేశారు. దుమ్ము లేచింది. ఆయనకి తుమ్ము వచ్చింది, వెంటనే ఇంకొకటి. షారోన్ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. చేతిలో ఫోను ఉన్నా పైకెత్తలేదు. మంచివాడని ఎవరూ అనలేదు. ఆడవాళ్లు గోడల వైపు, కిటికీల వైపు చూశారు. ప్రెసిడెంటమ్మ శాలువా పళ్లెం ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే ఉంది. మహిమ తన లోపల వెతుక్కుంది. ఇన్ని వారాలుగా కడుపులో మండుతూ వచ్చిన ఆ ఏడుపు దొరకలేదు. కాస్త జాలి మాత్రం దొరికింది. జాలి కలిగితే లేచి వెళ్లి చేతిలోంచి చీపురు అందుకోవడం ఆమెకి బాగా అలవాటు. ఈసారి లేవలేదు.

ఆయన ఊడుస్తూ ఊడుస్తూ ఆమె కుర్చీ దాకా వచ్చి ఆగాడు. తలెత్తకుండా, “కాళ్లు కాస్త పైకి పెట్టు,” అన్నాడు.

మహిమ రెండు కాళ్లూ పైకి పెట్టుకుని కుర్చీలో నిమ్మళంగా సర్దుకుంది.

“ప్రార్థన అయ్యాక మెషీనుకి చార్జింగు పెట్టండి,” అంది. “రేపు పొద్దున నాకు కావాలి.”