తువ్వాల కింద చెయ్యి

కొమ్ములు చెక్కి కొత్తగా ఎర్ర రంగు పూశారు. మెడలో గంటలు లేవు. నుదుటి మీది తెల్లమచ్చ కనిపించకుండా మసి రుద్దారు. అయినా నర్సంపేట పశువుల అంగడిలో గుంజకు కట్టేసి ఉన్న ఆ ఎద్దును చిలుకమ్మ దూరం నుంచే గుర్తుపట్టింది. నిలబడ్డప్పుడు వెనక కుడికాలి గిట్టను కొన మీద ఆనించే అలవాటు మైలోడిది.

ఆమె నోరు తెరిచింది. పక్కనున్న విన్సెంట్ ఆమె చెయ్యి పట్టుకుని టీ కొట్టు వెనక్కి లాగాడు.

"ఒర్రకు అక్కా! పుల్లోడేడి? ఒక్కటే ఉన్నది సూడు."

పోయిన వారం ఆమె కొట్టంలోంచి రెండు ఎడ్లనూ, మైలోడినీ పుల్లోడినీ, దొంగలు తోలుకుపోయారు. ఇక్కడున్నది ఒకటే. ఇప్పుడు అరిస్తే ఇది దొరుకుతుంది. రెండోదాన్ని పట్టుకుని ఎక్కడో కాచుకున్నవాడు సాయంత్రానికల్లా జిల్లా దాటేస్తాడు. కలుపు తీసే గుంటుక ఒంటెద్దుతో నడవదు. వరుస వానలకు పత్తి చేలో గడ్డి మోకాలెత్తు లేచింది. ఈ వారం గుంటుక తోలకపోతే ఆ చేను మీద ఆశ వదులుకోవాల్సిందే.

విన్సెంట్ ఆమె ఊరివాడే, పక్క చేను రైతు. ఎడ్లను వెతుకుదామని పొద్దున తన బండి మీద ఆమెను తీసుకొచ్చింది కూడా అతనే. వెంటనే ఎస్సై పద్మలతకు ఫోన్ చేశాడు.

"మఫ్టీలో వస్తున్నాం. రెండో ఎద్దు కనపడేదాకా ఎవరూ తొందరపడొద్దు" అందామె.

రెండో ఎద్దును రప్పించగలిగేది ఒక్కడే. దళారి యాకయ్య.

ఆ అంగడిలో ధర నోటితో చెప్పరు. దళారి తన తువ్వాల పరుస్తాడు. అమ్మేవాడు దాని కింద చెయ్యి పెడతాడు. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత ధర. ఇష్టమైతే చెయ్యి నొక్కుతారు, కాకపోతే గుంజుకుంటారు. నోళ్లు మాత్రం వానల గురించి, చుట్టాల గురించి మాట్లాడుతుంటాయి. కొనేవాడి చెయ్యి కూడా కలిశాక దళారి తువ్వాలను భుజం మీద వేసుకుంటాడు. అంటే బేరం అయిపోయినట్టు.

"నీదే అని ఏం సాక్ష్యం చెల్లె?" సంగతంతా విని అన్నాడు యాకయ్య. "రేపు కాదని తేలితే ఈ అంగట్ల నా మొకం ఎవడు సూస్తడు?"

"పేరువెట్టి పిలుస్తే ఉరికొస్తదన్నా."

"పిలుస్తే రెండోది పోతది. నీ నోరు నీదే అంటది, వాని నోరు వానిదే అంటది. చెయ్యి పట్టి సూస్త, ఆగు." విన్సెంట్ వైపు తిరిగాడు. "నువ్వు కొనేటోనివి. నోరు ఇప్పకు."

"ఒక్క మాట గూడనా?"

"ఒక్క మాటతోని ఆగేటోనివైతే నీకు చెప్పుడెందుకు?"

ఎస్సైకి ఇంకో కబురు వెళ్లింది. తువ్వాల భుజమెక్కాకే కదలాలి.

ఎద్దు పక్కన నిలబడ్డ కుర్రాడు టోపీ పెట్టుకున్నాడు. పేరు మధు అన్నాడు. "మా నాయన పానం లెక్క సాదిండు కాకా. అమ్మబుద్ధి కాదు. ఏం జేస్తం, దవాఖాన ఖర్చులు."

"అయ్యో" అంటూ యాకయ్య తువ్వాల పరిచాడు. లేగదూడకు కూడా ఎవరూ ఇవ్వనంత తక్కువ ధర చెప్పాడు వేళ్లతో. సాకినవాడైతే చెయ్యి విదిలించుకుని తిట్టిపోయాలి.

"గిసొంటి ఎద్దు మళ్ల దొరకది కాకా" అంటోంది మధు నోరు. చెయ్యి మాత్రం అప్పుడే నొక్కేసింది.

చిలుకమ్మ చెప్పింది నిజమేనని యాకయ్యకు తేలిపోయింది. ముఖంలో ఏమీ కనపడనివ్వలేదు. తువ్వాలను విన్సెంట్ వైపు తిప్పాడు. విన్సెంట్‌కు ఈ లెక్క తెలియదు. భయంతో అన్ని వేళ్లూ కలిపి పిసికేశాడు.

"మెల్లగరా, ఇరుగుతయి" అని గొణిగి, యాకయ్య పైకి గట్టిగా అన్నాడు. "ఒంటెద్దు వద్దంటాండు. జోడు ఉంటే ఇప్పుడే తీస్కపోతడట."

"జోడు లేదు కాకా. ఇదొక్కటే."

తువ్వాల మళ్లీ మధు చేతి మీదికి వచ్చింది. యాకయ్య ఒక వేలు పెంచాడు. చెయ్యి కదల్లేదు. ఇంకో వేలు పెంచాడు. లేదన్నవాడు గుంజుకోవాలి కదా. అరచేతికి చెమట పట్టింది తప్ప చెయ్యి అక్కడే ఉంది.

చివరికి మధు చెయ్యి తీసి ఫోన్ అందుకున్నాడు. "దాన్ని గూడ తీస్కరా. ఆఁ, అంగడికే. జల్ది."

అప్పుడే గాలి తిరిగింది.

మైలోడు తలెత్తింది. ముక్కుపుటాలు అదిరాయి. ఒక్క రంకె వేసి పగ్గం గుంజింది. ముడి ఊడింది. జనాన్ని తోసుకుంటూ నేరుగా టీ కొట్టు వెనక్కి పోయి, చిలుకమ్మ భుజానికి మూతి రాసింది.

మధు వెనకే వచ్చాడు. "ఏందమ్మా, నిన్ను ఎర్కవట్టినట్టున్నది?" అతని బొటనవేలు ఇంకా ఫోన్ మీదే ఉంది. ఒక్క నొక్కుతో, రెండో ఎద్దును తెస్తున్న ట్రాలీ వెనక్కి తిరిగిపోతుంది.

దూడగా ఉన్నప్పటి నుంచి మైలోడి మీద ఆమె చెయ్యి చేసుకోలేదు. చేలో ములుగర్ర కూడా పట్టదు. నాలుక చప్పుడుతోనే తోలుతుంది.

పొయ్యి పక్కనున్న కట్టె తీసి మూతి మీద కొట్టింది.

"థూ! చీరంత నాశినం చేసింది! నీ గొడ్డును కట్టేసుకోరాదయ్యా!"

ఎద్దు అక్కడే ఆగిపోయింది. చెవులు వెనక్కి వాలాయి. ఆమె మళ్లీ కట్టె ఎత్తింది. అది రెండడుగులు వెనక్కి వేసింది.

మధు నవ్వి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. పగ్గం పట్టి దాన్ని లాక్కుపోయాడు.

కాసేపటికి ట్రాలీ వచ్చింది. అందులో పుల్లోడు. దాని కొమ్ములకూ అదే ఎర్ర రంగు.

యాకయ్య కుడిచేత్తో మధు చెయ్యి పట్టుకున్నాడు. ఎడమచేత్తో తువ్వాల తీసి భుజం మీద వేసుకున్నాడు. అమ్మకానికి పోసిన పగ్గాల కుప్ప దగ్గర గీసి గీసి బేరమాడుతున్న ఆడమనిషి లేచి నిలబడింది. ఎస్సై పద్మలత. ఇద్దరు కానిస్టేబుళ్లు ట్రాలీ డ్రైవర్‌ను కిందికి దించారు. మధు పారిపోబోయాడు. చెయ్యి రాలేదు.

"బేరమైనంక చెయ్యి గుంజుకోవద్దు బిడ్డా" అన్నాడు యాకయ్య.

"ఈ రెండూ నావే మేడమ్!" మధు అరిచాడు. "ఆమెవని ఎవరన్నరు?"

ఎస్సై పుల్లోడిని ట్రాలీ నుంచి దింపించి, రెండింటి పగ్గాలూ విప్పించి, చిలుకమ్మను చూసింది. "పిలుస్తే వస్తాయన్నారట. పిలవండి."

"పుల్లిగా, దా."

పుల్లోడు వచ్చింది.

"మైలిగా... దా నాయినా."

మైలోడు రాలేదు. ఆమె కుడిచేతిని చూస్తూ నిలబడింది.

"సూసిండ్రా! అది నాదే!"

"ఇందాక కొట్టింది మేడమ్, అందుకే బెదిరింది" విన్సెంట్ ఇక ఆగలేకపోయాడు. "వీన్ని నమ్మించాలె గదా! ఆమెకు వేరే తొవ్వ యాడిది? ఆమె..."

"నువ్వు ఆగయ్యా" అంది ఎస్సై. "ఆమెనే చెప్పనీ."

చిలుకమ్మ పనిముట్ల దుకాణం దగ్గరికి పోయి ఒక కాడి మోసుకొచ్చింది. పుల్లోడిని ఎప్పటిలాగే ఎడమవైపు నిలబెట్టి, కాడి ఒక కొనను దాని మెడ మీద పెట్టింది. రెండో కొనను రెండు చేతులతో పైకెత్తి పట్టుకుంది. కుడివైపు చోటు ఖాళీగా ఉంది. పిలవలేదు. మైలోడి వైపు చూడనైనా లేదు.

మధు ఏదో అనబోతే ఎస్సై చెయ్యి అడ్డంగా ఎత్తింది. కాడి బరువుకు చిలుకమ్మ భుజాలు వణకడం మొదలైంది.

మైలోడు కదిలింది. తిన్నగా రాలేదు. పుల్లోడి వెనక నుంచి చుట్టూ తిరిగి వచ్చి ఖాళీగా ఉన్న కుడివైపు నిలబడింది. వెనక కుడికాలి గిట్టను కొన మీద ఆనించింది. కాడి కిందికి మెడ వంచింది.

"చాలు" అంది ఎస్సై. "వీళ్లను బండెక్కించండి."

చిలుకమ్మ కాడిని నెమ్మదిగా దాని మెడ మీదికి దించింది. మైలోడు కదలకుండా నిలబడింది. ముఖం మాత్రం ఆమె వైపు తిప్పలేదు.