బసమ్మ నవ్విన నూనె

పసిబిడ్డ బసమ్మకు ఆ నూనెంటే ప్రాణం. దౌలత్‌బీ చెంచా ఎత్తితే చాలు, నోరు తెరిచి, పెదవులు నాక్కుని, ఇంకా కావాలని చెయ్యి చాపేది. ఆ ముచ్చట చూసి తల్లి పార్వతమ్మ ఆరు నెలలు మురిసిపోయింది. అంత పిచ్చి మురిపెం పగవాడికి కూడా వద్దు.

ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో ఆమె మొగుడు ఉరుకుందప్పది లింగాయతుల ఇల్లు. గుడ్డు మాట చెవిన పడినా నోరు పుక్కిలించే మనిషి. పెళ్లయిన తొమ్మిదేళ్లకు కూతురు పుట్టేసరికి, బిడ్డ తన కాళ్లతో గడప దాటేదాకా ఎండకూ, ఊరి కంటికీ చూపనని ఈరన్న స్వామికి మొక్కుకున్నాడు. మగ్గం గుంట పక్కనే ఉయ్యాల కట్టాడు. కిటికీ లేని ఆ గదిలో బిడ్డ తెల్లగా, బొద్దుగా పెరిగింది. జ్వరం లేదు, జలుబు లేదు. కానీ ఏడాదిన్నర దాటినా నిలబడదు. చంకల కింద పట్టి నిలబెడితే కాళ్లు విల్లులా వంగిపోయేవి. కాళ్లు రాని బిడ్డ గడప దాటేదెప్పుడు, ఆ మొక్కు తీరేదెప్పుడు?

కర్నూలు రాజధాని అయిన ఏడాది అది. ఉరుకుందప్ప నూలు కోసం ఊరు వెళ్లిన రోజు, పార్వతమ్మ బిడ్డను కొంగులో చుట్టుకుని ఆదోని బస్సెక్కింది. అక్కడి దవాఖానాలో డాక్టరమ్మ కాళ్లు తడిమి చూసింది.

"ఇది రోగం కాదు, కొరత. ఎండ తగలక ఎముక గట్టిపడలేదు. పొద్దున పూట ఎండలో కూర్చోబెట్టు. ఈ చేప నూనె సీసాలు తీసుకుపోయి రోజూ చెంచాడు పట్టు. ఇప్పుడే చూసుకుంటే కాళ్లు నిటారవుతాయి. ఆలస్యం చేశావా, అట్లే నిలిచిపోతాయి."

ఎండ మాట ఎత్తగానే ఉరుకుందప్ప గయ్యిమన్నాడు. చేప మాట పార్వతమ్మ ఎత్తనే లేదు. సీసాలు తీసుకెళ్లి పెరటి గోడ అవతల ఉండే దౌలత్‌బీ చేతిలో పెట్టింది. ఇద్దరూ మగ్గాలకు నూలు కండెలు చుట్టేవాళ్లే. ఒక్క కంచంలో తినకపోయినా ఒకరి కష్టానికి ఒకరు ఏడ్చినవాళ్లు. ఆ రోజు నుంచి తెల్లారగానే బిడ్డను కొంగు కింద దాచుకుని వెళ్లేది. దౌలత్‌బీ నూనె పట్టేది. చేప వాసన సోకకూడదని పార్వతమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడేది.

ఆరు నెలలైనా కాళ్ల వంపు తగ్గలేదు సరికదా, పెరిగింది. మళ్లీ ఆదోనికి పోతే నర్సు మేరి అడిగింది.

"నూనె పట్టేటప్పుడు శానా ఏడుస్తాదా?"

"యాడమ్మా! నవ్వుకుంటా తాగుతాది. ఇంకా కావాలంటాది."

మేరి అలమరలోంచి కొత్త సీసా తీసింది. "ఇన్నేండ్లలో ఈ నూనెకు నవ్విన బిడ్డను నేను సూడలేదు" అంటూ దాని మూత తీసి పార్వతమ్మ ముక్కు దగ్గర పెట్టింది. ఆ కంపుకు ఆమె మొహం తిప్పేసుకుంది. దౌలత్‌బీ ఇంట్లో ఒక్కనాడూ ఇంత కంపు కొంగు దాటి రాలేదు.

సాయంత్రం బస్సు దిగి నేరుగా దౌలత్‌బీ ఇంటికే వెళ్లింది. "నా బిడ్డకు ఏం తాపినావక్కా?"

దౌలత్‌బీ పెట్టె వెనక నుంచి సీసాలు తీసి పెట్టింది. అన్నీ నిండుగానే ఉన్నాయి.

"శనక్కాయ నూనెలో ఇంత బెల్లం కలిపి తాపినా. నీ మొగుడు నీ బుట్టలో సీసాలు సూసినాడంట. తొలి దినమే వచ్చి నా గడప కాడ కూచోని ఏడ్చినాడు. లింగం కట్టిన బిడ్డను నీ సేత్తో సెరపొద్దక్కా అన్నాడు. నీకు సెప్పనని నా బిడ్డల మీద ఒట్టు ఏయించుకున్నాడు. నేను సాయిబులదాన్ని పార్వతీ. దౌలత్‌బీ ఆ బిడ్డకు చేప తాపిందని ఊరంతా అంటే మేము యాడ బతకాల?"

పార్వతమ్మకు ఆమె మీద కోపం రాలేదు, ఏడుపొచ్చింది. కోపమంతా మొగుడి మీదే. రోజూ పొద్దున తను పెరటి తలుపు తీసేటప్పుడు గదిలో మగ్గం ఆగేది కాదు. చూడనట్టే నేసుకునేవాడు. ఆయనకు తెలుసు. తను దొంగలా బిడ్డను దాచుకుని పోయిన ప్రతి పొద్దూ తెలుసు. బిడ్డ కాళ్లు వంగుతుంటే కూడా నోరు విప్పలేదు. కట్టుకున్నవాడే కదా అని నమ్మితే, కూతురి కాళ్లు తీశాడు.

మర్నాడు ఎండ పైకి రాగానే ఆమె వీధిలో చాప పరిచింది. బిడ్డను బట్టలు విప్పి దాని మీద కూర్చోబెట్టింది. ఉరుకుందప్ప మగ్గం గుంటలోంచి ఎగబాకి పరుగెత్తుకొచ్చాడు.

"పార్వతీ! మొక్కు!"

"మొక్కు నీది. కాళ్లు దానివి."

వీధి చూస్తుండగానే సీసా మూత తీసింది. మొదటి చెంచా తనే తాగింది. కళ్ల నీళ్లు తిరిగినా మింగింది. "ఇంక నేనూ సెడినా. ఇంట్లోకి రానిస్తావో లేదో నీ ఇష్టం."

రెండో చెంచా బిడ్డ ముందుకు పెట్టింది. బసమ్మ ఎప్పటిలాగే నవ్వుతూ నోరు తెరిచి, ఇంకా కావాలని ముందే చెయ్యి చాపింది. నూనె నాలుకకు తగిలింది. నవ్వు అట్లే ముడుచుకుపోయింది. నిన్న తను దౌలత్‌బీకేసి ఎలా చూసిందో, బిడ్డ అచ్చం అలాగే తనకేసి చూసి గుక్కపట్టి ఏడ్చింది.

పార్వతమ్మ తనూ ఏడుస్తూనే, మింగేదాకా బిడ్డ గడ్డం వదల్లేదు.