మిగిల్చిన చారు

ముందు వాసన వచ్చింది.

వీధి మలుపు ఇంకా తిరగలేదు... అప్పుడే పంది ఎముకలు మరుగుతున్న వాసన. ఉన్ని కండువాలోకి, జుట్టులోకి, నాలుక మీదికి. జపాన్ ఉత్తరాన మా అకితాలో ఇలాంటి వాసన వస్తే పొరుగువాళ్ళు వచ్చి తలుపు కొడతారు. ఇక్కడ, దక్షిణాన హకాతాలో, జనం దానికోసం వరసలో నిలబడతారు.

నేనూ నిలబడ్డాను.

ఫిబ్రవరి. సన్నటి తుంపర. మా ఊళ్ళో ఇప్పుడు నడుములోతు మంచు.

ఆకలై రాలేదు నేను. పగలంతా రైళ్ళు మారి, రాత్రి ఎక్కడో పడుకుని, రెండు చేతుల్ని చూడటానికి వచ్చాను.

ఆ చేతుల కబురు తెచ్చింది పక్కింటి ఒయికావా వదిన. మనవణ్ణి చూడటానికి ఇటు వచ్చి, ఈ కొట్లో రామెన్, అదే ఎముకల చారులో నూడుల్స్, తిని వెళ్ళింది.

"మీ తమ్ముడు తెరుహికో బొటనవేలు చూశానే, ఫుసాయే. ఎడమచేతిది. గోరు నిలువునా చీలి ఉంది. వాడిదే."

"ముఖం?"

"ఆ కొట్లో ముఖాలుండవమ్మా. మనిషికో గూడు, ముందు వెదురు తెర. తెర కిందనుంచి చేతులొస్తాయి, గిన్నె పెడతాయి, పోతాయి. సిగ్గరి పెళ్ళికూతుళ్ళ కోసం కట్టినట్టుంది."

ముఖాలు లేని కొట్టు.

వెతికి వెతికి అలాంటి చోటే పట్టుకున్నాడన్నమాట.

ఆ గోరు చీల్చింది నేనే. వాడికి నాలుగేళ్ళు, నాకు పన్నెండు. చూసుకోకుండా తలుపు లాగాను. వాడు ఏడవలేదు. ఏడుస్తున్న నన్నే ఊరుకోబెట్టాడు.

పదకొండేళ్ళ కిందట, ఇలాంటి ఫిబ్రవరిలోనే, బడి నుంచి నా కూతురు కొజుయెను కారులో తీసుకొస్తున్నాడు. రోడ్డు మీద మంచు గడ్డకట్టి ఉంది. కారు జారింది. పక్కన పొలం కాలువ... నీళ్ళ మీద పలచటి మంచు పొర, పాల మీద మీగడంత. అది పగిలింది.

వాడు బయటికొచ్చాడు.

నా బిడ్డ రాలేదు.

ఏడోరోజున గుమ్మంలో నిలబడ్డాడు, లోపలికి రావాలో వద్దో తెలియక.

"నీ ముఖం ఇంకెప్పుడూ నాకు చూపించకు," అన్నాను.

నడుము వంచి నమస్కరించాడు. తెల్లారేసరికి వాడి బూట్లు లేవు.

చిన్నప్పటి నుంచీ అంతే. అక్క మాట జవదాటడు, వెధవ.

వరసలో నా ముందు రబ్బరు బూట్ల పెద్దాయన, చేపల మార్కెట్ మనిషి, వెనక్కి తిరిగాడు.

"ఎక్కడినుంచమ్మా?"

"అకితా."

"అబ్బో. అయితే ఒక మాట చెబుతా వినండి. ఆర్డరు చీటీలో నూడుల్స్ గట్టిగా కావాలని గీయండి. మెత్తగా అంటే మీకు పళ్ళు లేవనుకుంటారు లోపల."

"సగం లేవు."

ఆయన నవ్వాడు. "ఇంకోటి. నూడుల్స్ అయిపోతే మళ్ళీ అడగొచ్చు. చారు మాత్రం తాగెయ్యకండి. చారున్నంతసేపే అడగడం."

గూట్లో కూర్చున్నాను. అటూ ఇటూ చెక్క. ఎదురుగా తెర. చీటీ మీద పెన్సిల్ పెట్టి ఆగిపోయాను.

నేను మెత్తటి నూడుల్సే తింటాను. అక్క తినేది నూడుల్స్ కాదు, జావ అని ఏడిపించేవాడు. మెత్తగా అని గీస్తే వాడికి తెలిసిపోతుంది. తెలిస్తే పారిపోతాడేమో.

గట్టిగా అనే గీశాను.

తెర జానెడు లేచింది.

చేతులు.

చీలిన గోరు. దాని చుట్టూ నాకు తెలియని కాలిన మచ్చలు, నాకు తెలియని ముడతలు. తెల్లటి చారు గిన్నె నా ముందుకొచ్చింది.

"నిదానంగా తినండి."

అందరితో అనే మాటే. గొంతు పోల్చుకోలేకపోయాను. తెర దిగింది.

తిన్నాను. చిగుళ్ళు నొప్పి పెట్టాయి. రైల్లో దారిపొడవునా వల్లించుకున్న మాట నోట్లోనే ఉంది — ఆ రోజు అన్నది తప్పురా, తెరూ. చారు ముట్టుకోకుండా నూడుల్స్ మాత్రం ఏరుకుని తిన్నాను. మళ్ళీ అడిగాను. మళ్ళీ చేతులు. మళ్ళీ తెర.

కడుపు నిండిపోయింది. ఇక తినలేను. బల్ల మీదున్న ఇంకో చీటీ వెనక రాశాను.

'తెరూ, నేను అక్కని. ఆ రోజు అన్న మాట తప్పు. నీ ముఖం చూపించు.'

మడిచి, పక్కనున్న గంట నొక్కి, తెర లేవగానే కిందనుంచి తోశాను. "తెరూ," అన్నాను.

చేతులు ఆగిపోయాయి. చీలిన గోరు ఆ మడత మీద ఆగిపోయింది.

తెర దిగలేదు. జానెడు సందు అలాగే ఉంది. నేను తల వంచితే చాలు, చూడొచ్చు.

వంచలేదు.

వాడే వంగాలనుకున్నాను. చూపించాల్సింది వాడు కదా అనుకున్నాను. బిడ్డను పోగొట్టుకున్నా, తమ్ముణ్ణి పోగొట్టుకున్నా, నా పొగరు మాత్రం పోలేదు.

తెర దిగింది.

ఎంతసేపో.

మళ్ళీ లేచింది. వేరే చేతులు. సన్నటివి, ఆడపిల్లవి, మణికట్టుకు జుట్టు రబ్బరు. పళ్ళెంలో నూడుల్స్.

"నేను అడగలేదమ్మా."

"తెరుహికో అన్న ఇమ్మన్నాడండీ. తనే ఉడికించి పెట్టి, ఏప్రన్ విప్పి తగిలించేసి, వెనక తలుపులోంచి వెళ్ళిపోయాడు."

"ఎక్కడికి?"

"తెలీదండీ. ఎప్పుడూ ఇలా చెయ్యలేదు. వంట మాస్టారు పిలుస్తున్నా ఆగలేదు."

"చీటీ చదివాడా?"

"చేతిలో మడిచే ఉంది. చదివాడో లేదో... నేను చూడలేదండీ." మెల్లగా అడిగింది. "తెర దించమంటారా?"

"వద్దు."

ఇప్పుడు వంగాను. తల బల్లకు ఆనేదాకా వంగి చూశాను. ఆవిరి. కొక్కేనికి నీలం ఏప్రన్. అంతే.

నూడుల్స్ చారులో వేసుకున్నాను. నోట్లో పెట్టుకోగానే కరిగిపోయాయి. మెత్తగా, జావలాగా. ఈ ఊళ్ళో ఎవరూ అడగకుండా అలా ఉడికించరు.

చదివి వెళ్ళాడా? చదవకుండా, ఆ పాత మాటే మళ్ళీ అనడానికి వచ్చాననుకుని వెళ్ళాడా? అప్పుడు ఇంట్లోంచి వెళ్ళగొట్టాను. ఇప్పుడు దాక్కున్న చోటు నుంచి కూడా వెళ్ళగొట్టాను.

ఒక్క పోగు కూడా వదలకుండా తిన్నాను. ఏడుస్తూ తిన్నాను.

పక్క గూట్లోంచి చెక్క మీద ఎవరో తట్టారు. రబ్బరు బూట్ల పెద్దాయన గొంతు.

"ఏమ్మా, అయిందా? బయట జనం తడుస్తున్నారు."

"ఇంకా చారుంది," అన్నాను.

నూడుల్స్ పీల్చుకున్నది పోగా, గిన్నె అడుగున రెండు గుక్కలు. ముందు వచ్చిన ఆ వాసన ఇప్పుడు తెలియడం లేదు. నాలోకి ఇంకిపోయింది కాబోలు.

చారు చల్లారుతోంది. దాని మీద పలచగా, తెల్లగా, పొర కడుతోంది.

ముట్టుకోలేదు.