పసుపు పెట్టిన డబ్బాలు

విమానాశ్రయం తెరిచి రెండేళ్ళు నిండినా పక్క ఊరు సాతంరాయిలో ఉండే కౌసల్యమ్మ అందులో అడుగు పెట్టింది లేదు. ఇన్నాళ్ళకు ఆమె వంట లోపలికి పోయే వేళ వచ్చింది. అక్కడ ఊడ్చి తుడిచేవాళ్ళకు మధ్యాహ్నం అన్నం పంపే పని. సూపర్‌వైజర్ హరిప్రసాద్ ఒక్కటే షరతు పెట్టాడు. డబ్బాలు కొత్తవై ఉండాలి.

ముప్ఫై తెల్ల ప్లాస్టిక్ డబ్బాలు తెచ్చింది. కొత్త వస్తువును బొట్టు పెట్టకుండా ఎట్లా వాడుతుంది? బిందెకు పెట్టినట్టే ముప్ఫైటికీ తడి పసుపు రాసి కుంకుమ దిద్దింది. మర్నాడు కడిగితే కుంకుమ పోయింది. పసుపు మాత్రం అక్కడే కాపురం పెట్టింది.

బుధవారం హరిప్రసాద్ వచ్చి ఒక డబ్బా తిప్పి చూశాడు.

"ఇవి వాడినవి కదమ్మా?"

"కాదు సారూ, మంచిగుండాలని పసుపు పెట్టిన."

"తినేవాళ్ళందరికీ ఆ సంగతి చెప్పలేను కదండీ. ఎంగిలి డబ్బాలనుకుంటారు. శుక్రవారం పన్నెండింటికి వస్తాను. ఇలాగే ఉంటే ఈ పని వేరేవాళ్ళకిస్తాం."

ఆ మాటతో కౌసల్యమ్మకు కాలు ఒకచోట నిలవలేదు. సబ్బు పెడితే మరక ఎర్రబడి, నీళ్ళు పోయగానే మళ్ళీ పచ్చబడింది. నిమ్మచెక్క అరిగిందే గాని మరక అరగలేదు.

మంచం మీద ఆమె మగడు ఐలయ్య ఆవులించాడు. "పరేషాన్ గాకు. మా ముత్తాత లగ్గంల పసుపు పూసుకొని జల్‌పల్లి చెరువుల మునిగితే మూడేండ్లు నీళ్ళు పచ్చగుండె. చేపల పులుసుల పసుపేసే పనే లేకుండె."

"నీ ముత్తాతను పిలువు, వచ్చి తోముతడు!"

పక్కింటి రుక్కమ్మ గోడ మీంచి తల పెట్టింది. "అక్కా, పసుపంటిన రైక ఎండల ఆరేస్తే మరక పోతలేదా? డబ్బాలు గూడ గట్లనే ఎండవెట్టు."

గురువారం డబ్బాలన్నీ వాకిట్లోకి వచ్చాయి. వానాకాలపు ఎండ, వచ్చినట్టే వచ్చి పోతోంది. వాకిట్లో నీడ పడితే మిద్దె మీదికి, మిద్దె మీద మబ్బు కమ్మితే రోడ్డు పక్కకు, ముప్ఫై డబ్బాలూ గంపకెత్తి మోసుకుని ఆమె ఎండ వెంట తిరిగింది.

"ఇమానాలోళ్ళు ఢిల్లీ మబ్బులు మోసుకొచ్చి మన మీద దించుతున్నరే," అన్నాడు ఐలయ్య.

"నువ్వు లేసి గీ గంప మొయ్యి, జర ఎండొస్తది!"

శుక్రవారం పది దాటినా లేత పచ్చ కనిపిస్తూనే ఉంది. పదకొండింటికి ఎండ ఫెళ్ళుమని కాసింది. ఆమె కూర్చోలేదు, నీళ్ళు తాగలేదు. ఒక్కొక్క డబ్బానూ సూర్యుడి వైపు తిప్పుతూనే ఉంది.

హరిప్రసాద్ బండి దిగి, అడుగున ఉన్న డబ్బా లాగి వెలుగుకు పట్టి చూశాడు.

"తెల్లగానే ఉన్నాయి. సోమవారం నుంచి పంపండి. కానీ డబ్బా లోపల పచ్చబడితే ఆ రోజే ఆపేస్తాం."

బండి మలుపు తిరగకముందే కౌసల్యమ్మ గోడ దగ్గరికి ఉరికింది. "రుక్కమ్మా, సోమవారం పప్పు. పప్పంటే పసుపే గదనే!"

"పోసే ముందు లోపల జర నూనె రాయక్కా. పప్పు సల్లారినంకనే పొయ్యి."

సోమవారం దాకా ఎవరాగుతారు? అప్పుడే పప్పు వండి, చల్లార్చి, నూనె రాసిన డబ్బాలో పోసింది. రెండు గంటలుంచి కడిగింది. ఎటు తిప్పి చూసినా మరక లేదు. అయినా నమ్మకం కుదరక ఇంకో డబ్బా తీసింది.

"గీ పప్పంత ఎవలు తినాలె?" అన్నాడు ఐలయ్య.

"నువ్వే. మూతి తెరువు."