రెండో వరుసలో ఊపిరి

ఎనిడ్ కార్మడీ నాలుగు మూలలూ కలిపి దుప్పటిని ఒక్క విదిలింపు విదిలించి, గడ్డం కింద నొక్కి పట్టుకుని మడతపెట్టింది. పొడుగాటి మనిషి. భుజాలు కాస్త ముందుకు వంగాయి. వేడినీళ్ళలో నానీ నానీ వేళ్ళు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి. హోబార్ట్ ఊళ్ళో కొండవాలున ఉన్న ఆ వృద్ధాశ్రమం లాండ్రీలో ఆదివారం పొద్దుటి పని ఆమెదే. చేతులు దుప్పట్లు మడతపెడుతూ ఉంటే మనసు జనం మాటల మడతలు విప్పుతూ ఉంటుంది.

"ఏమే, ఇవాళ్టితో మీ కచేరీలు అయిపోయినట్టేనా?" అంది మొయిరా, యంత్రంలోంచి తువ్వాళ్ళు లాగుతూ.

"ఈ సీజన్‌కి అయినట్టే."

"ఇక హాయిగా రెస్టు తీసుకో."

రెస్టు! ఆ మాట దీని నోట్లో ఎవరు పెట్టారో అనుకుంది ఎనిడ్. మొయిరా తమ్ముడు ఎనిడ్ పాడే బృందంలోనే, పియానోకి ముత్తాతలాంటి హార్ప్సికార్డ్ మోసుకొచ్చే వ్యాను నడుపుతాడు. అంటే వ్యానులో ఏదో మాట నడిచే ఉంటుంది.

"నీ తమ్ముడు ఏమైనా అన్నాడా?"

"వాడా? వాడు నాతో మాట్లాడి నెలయింది. నీకు పిచ్చెక్కింది, ఎనిడ్. తువ్వాలు కూడా నీమీద కుట్ర పన్నుతోందంటావు."

నవ్వలేదు ఎనిడ్. ఆమె బతుకులో తనదని చెప్పుకోడానికి ఉన్నదల్లా ఆ పాడేవాళ్ళలో రెండో వరుస చివరి చోటు. పెళ్ళి కుదరలేదు, ఇల్లు అద్దెది, ఉద్యోగం దుప్పట్లది. కానీ ఆకురాలే కాలం నుంచి వసంతం దాకా, సీజన్‌కి నాలుగు కచేరీల్లో, నల్లబట్టలు వేసుకుని ఆల్టోల్లో, అంటే ఆడగొంతుల్లో మంద్రంగా పాడేవాళ్ళ మధ్య నిలబడిందంటే ఆమె ఆమే. కిందటి చలికాలం గొంతు ఒకచోట బొంగురుపోయింది. అప్పట్నుంచీ భయం పట్టుకుంది.

ఆ భయానికి తగ్గట్టే ఈ సీజన్ మొదట్లో ఇంగ్రిడ్ దిగింది. ముప్పై దాటిన పిల్ల, గొంతు చూస్తే గంటలా ఉంటుంది. వచ్చిన రోజే, "నేను ఎనిడ్ గారి పక్కన నిలబడతాను" అంది. పైగా, "మీరు ఊపిరి ఎక్కడ తీసుకుంటారండీ?" అని అడిగింది. అడగడంలో తప్పేం లేదు నిజానికి. పొడుగాటి వాక్యం తెగకుండా ఉండాలంటే పక్కపక్కవాళ్ళు ఒకేచోట ఊపిరి తీసుకోకూడదు. ముందే చెప్పుకుంటారు.

"ఎక్కడొస్తే అక్కడ" అనేసింది ఎనిడ్ కట్టె విరిచినట్టు. తన గొంతులో బీటలు వెతకడానికి కొత్త డైరెక్టరు లాక్లన్ ఫెరియర్ పెట్టిన మనిషే ఇదని ఆమెకి ఖాయమైపోయింది. ఆ పిల్ల ప్రతి పాటలోనూ భుజం ఇటే తిప్పి ఉంచడం కూడా ఆమె కనిపెట్టకపోలేదు.

మధ్యాహ్నం కచేరీ జరిగే చర్చి వెనకగదిలోకి వెళ్ళేసరికి మూలనున్న బకెట్లో పూలగుత్తి కనిపించింది. ఎనిడ్ కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. బృందం విడిచి వెళ్ళే మనిషికి సీజన్ చివరి కచేరీ నాడు పూలు ఇవ్వడం అక్కడి ఆనవాయితీ.

"ఎవరికి ఇవి?" అని అడిగింది.

"తర్వాత చెప్తాను, ఎవరికీ చెప్పకండి" అని కన్నుగీటాడు లాక్లన్. ఇంగ్రిడ్ నవ్వింది. ఇద్దరూ నవ్వుకున్నారు! ఇంకేం కావాలి? పంపించేదేదో మొహం మీద చెప్పి పంపొచ్చుగా, దొంగచాటుగా పూలెందుకు? సరే, తాను లేకపోతే ఎలా ఉంటుందో ఇవాళే వినాలనుకుంది.

ఆ రోజు ఉక్కగా ఉంది. వయొలిన్లకి గొర్రె పేగుతో చేసిన తీగలు మాటిమాటికీ వదులైపోతున్నాయి. చివరి పెద్ద పాటలో వాద్యాలు చాలాసేపు వాయించాక మొదట అందుకోవాల్సింది ఆల్టోలు. సరిగ్గా అప్పుడే ఒక వయొలిన్ తీగ జారింది, లాక్లన్ అటు తిరిగాడు. ఎనిడ్ నోరు తెరిచి ఉంచింది గానీ ఊపిరి తీసుకోలేదు.

ఎవరూ పాడలేదు.

ఒక్క గొంతు కూడా లేవలేదు. పెద్ద వయొలిన్‌లాంటి సెల్లో ఒంటరిగా సాగిపోతోంది. లాక్లన్ గిరుక్కున తిరిగి చెయ్యెత్తాడు. ఆ చేతికి బదులిచ్చేవాళ్ళు లేరు. ఇంగ్రిడ్ కళ్ళు పెద్దవి చేసి ఎనిడ్ భుజం వైపే చూస్తోంది. ఆమె వెనకవాళ్ళూ అంతే. తర్వాత ఒకళ్ళ వెనక ఒకళ్ళు తడబడుతూ అందుకున్నారు, వాద్యాలు సర్దుకున్నాయి, పాట ఎలాగో ఒడ్డున పడింది. జనం చప్పట్లు కొట్టారు.

వెనకగదిలో లాక్లన్ పూలగుత్తి తీసుకెళ్ళి పెర్త్‌కి మారిపోతున్న సెల్లో వాయించే ఆయన చేతిలో పెట్టాడు. ఎనిడ్ గోడకి ఆనుకుంది.

"ఆల్టోలూ, ఏమైందర్రా?" అన్నాడు లాక్లన్.

"తప్పు నాదే" అంది ఇంగ్రిడ్. "తాళం లెక్కపెట్టుకోను నేను. ఎనిడ్ గారి భుజం లేస్తే పాడతాను. పక్కన చోటు అడిగిందే అందుకు."

"నేనూ అంతే" అంది ఇంకొకామె. "నేనూ" అంది వెనకామె. "ఆవిడ ఊపిరి వినపడితే చాలు మాకు. ఆవిడకి ఇవాళ దగ్గొచ్చిందేమో పాపం."

లాక్లన్ నవ్వేశాడు. "అయితే వచ్చే సీజన్‌కి ఎనిడ్ గారిని ముందు వరుసలో పెడతాను. నాకూ కనపడతారు."

అందరూ నవ్వుతున్నారు. ఇంతమందిలో ఒక్కరైనా ఆమెని అనుమానించలేదు. అదే ఎనిడ్‌కి భరించరానిదైపోయింది. సిగ్గుతో మెడ దాకా ఎర్రబడింది.

"దగ్గు కాదు" అంది. "కావాలనే ఊరుకున్నాను."

"ఎందుకండీ?" అన్నాడు లాక్లన్, నవ్వు ఇంకా మొహం మీదే ఉంది.

"నన్ను పంపించేస్తున్నారనుకున్నాను. నేను లేకపోతే పాట ఆగుతుందో లేదో చూద్దామని."

ఇంగ్రిడ్ మెల్లగా, "ఆగిందిగా" అంది. ఆ గొంతులో కోపం లేదు. పసిపిల్లని ఎవరో ఊరికే కొట్టినట్టు ఉంది.

కాసేపటికి అందరూ టీకి హాల్లోకి వెళ్ళారు. "రండి, ఎనిడ్ గారూ, చల్లారిపోతుంది" అని పిలిచాడు లాక్లన్ గుమ్మంలోంచి. "మీరు పదండి" అంది. కచేరీ బూట్లు విప్పేసి, గుడ్డబూట్లు తొడుక్కుని, కోటు వేసుకుని, పక్కతలుపు తీసుకుని వాలు దిగిపోయింది. మళ్ళీ రాలేదు. లాక్లన్ ఫోన్లు చేశాడు, ఇంగ్రిడ్ లాండ్రీ దాకా వెళ్ళింది. "నీళ్ళు కాగుతున్నాయి, వెళ్ళమ్మా" అందిట ఎనిడ్, దుప్పటి అడ్డం పెట్టుకుని.

ఆ కచేరీనాటి సాయంత్రం కుర్చీలు సర్దడానికి వచ్చిన మనిషికి వెనకగది బల్ల కింద ఒక జత కనిపించింది. కచేరీలకి వేసుకునే నల్లతోలు బూట్లు, వేళ్ళ దగ్గర తోలు పగిలింది, మడమలు మాత్రం వచ్చే సీజన్ కోసం కొత్తగా వేయించినవి.